మూడు వేళ్లు

ఆ టెన్నిస్ క్లబ్బులో అందరూ ఆమెను కోడలు అనే పిలుస్తారు. సెక్రటరీ గారికీ కోడలే, గేటు దగ్గర టీ కాచే ముసలాయనకూ కోడలే. ఆమె అత్తగారు ఇరవై ఆరేళ్లు అక్కడి మూడు మట్టి కోర్టులనూ కనిపెట్టుకుని ఉంది. మోకాళ్లు మొండికేశాక తన చీపురు, నీళ్ల గొట్టం, నూలు తాడు ఇచ్చి కొడుకు పెళ్లాన్ని పంపింది. "ఇదిగో, మా కోడలు" అని గేటు దగ్గర ఒక్కసారి చెప్పింది. ఆ మాటే పేరైపోయింది.

కోడలు తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసింది. అమ్మకు జబ్బు చేసింది, తమ్ముళ్లకు వండిపెట్టే మనిషి కావలసి వచ్చింది. ఎన్నో ఇళ్లలో జరిగేదే కాబట్టి ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోదు. అసలు ఏ సంగతీ చెప్పుకోదు. ఎవరు ఏం చెప్పినా తల ఊపుతుంది, "సరేనండి" అంటుంది, వెళ్లి ఆ పని చేస్తుంది. "దీనికి నోట్లో నాలుక లేదు గానీ మొహాన నాలుగు కళ్లున్నాయి" అనేది అత్తగారు. అది మెచ్చుకోవడమో దెప్పడమో కోడలికి ఇప్పటికీ తెలియదు.

మట్టి కోర్టు చూడని వాళ్లు అదేదో ఎర్రగా ఉన్న ఖాళీ జాగా అనుకుంటారు. ఇటుకల్ని పొడికొట్టి, జల్లెడపట్టి, పల్చగా పరిచి, రోలర్‌తో అణచిన నేల అది. "చంటిపిల్ల లాంటిదే. ఆకలేస్తే ఏడుస్తుంది, ఎక్కువ పడితే కక్కుతుంది" అని అత్తగారు మొదటిరోజే చెప్పింది. నీళ్లు చాలకపోతే దుమ్ము లేచి ఆడేవాళ్ల కళ్లలో పడుతుంది. ఎక్కువైతే ముద్దముద్దగా బూట్లకు అంటుకుని లేచిపోతుంది. పొద్దున ఐదింటికొకసారి, మధ్యాహ్నం మూడింటికొకసారి తడపాలి. ఆట అయ్యాక వల లాంటి చాపను ఒక చివర నుంచి గుండ్రంగా లాగుతూ వస్తే అడుగుల జాడలు మాసిపోయి నేల చదునవుతుంది. గీతలంటే సున్నం గీతలు కావు, తెల్లటి ప్లాస్టిక్ పట్టీలు. వాటిని మేకులతో నేలలోకి దిగ్గొడతారు. చివర్లో చీపురుతో గీతల్ని ఊడ్చాలి. రెండేళ్లలో ఈ పనంతా కోడలి కాళ్లలోకి ఇంకిపోయింది. ఎంత రుద్ది కడిగినా ఆమె మడమల పగుళ్లలో ఎర్రదనం పోదు.

రోలర్ షెడ్డు వెనక రెండు గదుల ఇల్లుంది. కోర్టులు చూసే మనిషికే ఆ ఇల్లు. ముందు గదిలో అత్తగారూ మనవరాలూ పడుకుంటారు, రెండో గదే వంటిల్లు, పడకగది అన్నీను. కోడలి భర్త బస్సు డ్రైవరు, రెండు రోజులకొకసారి ఇంటికొస్తాడు. అత్తగారి ఉద్యోగం పర్మనెంటు. కోడలిది మాత్రం రెండేళ్లుగా తాత్కాలికమే. ఈ ఏడు ఒక కంపెనీ వాళ్లు కోట్లు తొడుక్కుని వచ్చి మూడు కోర్టులూ చూసి, అంతా మేమే మెషీన్లతో చేస్తామని కాగితాలిచ్చి వెళ్లారు. కంపెనీ వస్తే ఆ ఇల్లు మెషీన్లకు స్టోరు రూము అవుతుంది.

సెక్రటరీ గారు దాపరికం లేని మనిషి. ఒకరోజు కోర్టు పక్కన నిలబడి చెప్పేశారు. "చూడు కోడలా, శని ఆదివారాలు ఆడవాళ్ల డబుల్స్ పోటీ. ఎనిమిది జట్లు వస్తున్నాయి. సోమవారం కమిటీ కూర్చుంటుంది. కోర్టులు బాగున్నాయని నలుగురి నోటా వస్తే నీ పోస్టు పర్మనెంటు చేయించే పూచీ నాది. ఎక్కడైనా మాటొచ్చిందా, కంపెనీ వాడి కాగితం బయటికి తీస్తారు. ఇక నా చేతుల్లో ఉండదు."

"సరేనండి" అంది కోడలు.

రెండో కోర్టుకు బయటి గీతలు లేవు. ఒంటరి ఆటకు లోపలి గీతలు చాలు. డబుల్స్ ఆడేటప్పుడే వాటికి అవతల, రెండు పక్కలా నాలుగున్నర అడుగుల జాగా లెక్కలోకి వస్తుంది. ఆ కోర్టులో ఏళ్ల తరబడి ఒంటరి ఆటలే ఆడడంతో పాత బయటి పట్టీలు అంచులు లేచి చుట్టుకుపోయాయి. అత్తగారి కాలంలోనే వాటిని పీకేశారు. ఫైనల్ ఆడేది ఆ కోర్టులోనే. చూసేవాళ్లు కూర్చునే మెట్లు దాని పక్కనే ఉన్నాయి మరి. అందుకని గురువారంనాడు కొత్త పట్టీల చుట్టలు వచ్చాయి.

కొలవడానికి అత్తగారి నూలు తాడుంది. దానికి రెండు ముడులు. ఒక ముడిని లోపలి గీత మీద పెట్టి లాగితే రెండో ముడి దగ్గర బయటి గీత వస్తుంది. ఇనుప టేపు ఆఫీసు బీరువాలో ఉంది కానీ అత్తగారికి దాని మీద గురి లేదు. "అది మధ్యలో చటుక్కున చుట్టుకుపోతుంది, వేలు తెగుతుంది. నా తాడు ఇరవై ఆరేళ్లలో నాకు ఒక్క అబద్ధం చెప్పలేదు" అంటుంది. ఆ తాడును ఎప్పుడూ ఇంటికి తెచ్చి పొయ్యి పైనున్న మేకుకు వేలాడదీయాలని ఆమె నియమం. మసిపట్టి నల్లబడినా సరే, అక్కడే ఉండాలి. పెద్దవాళ్ల చాదస్తం అనుకుంది కోడలు. అయినా రెండేళ్లుగా తప్పకుండా వేలాడదీస్తూనే వచ్చింది.

గురువారం మధ్యాహ్నానికి రోడ్డు వైపు గీత పూర్తయింది. అడుగడుక్కీ తాడు పెట్టి కొలిచి, మేకులు కొట్టేసరికి తడిపే వేళయింది. షెడ్డు వైపు గీత మిగిలిపోయింది. పొద్దున్నే మళ్లీ ఇదే పని కదా, తాడును ఇంటికెందుకు మోసుకుపోవడం అనుకుని దాన్ని రోలర్ పక్కన నేల మీద పెట్టింది. నీళ్ల గొట్టం అతుకు సరిగ్గా అక్కడే కారుతుంది. తెల్లారేసరికి తాడు నానిన గుడ్డలా ఉంది. బట్టల్ని పిండినట్టు పిండి, రెండు ముడులూ చూసుకుని, షెడ్డు వైపు గీత కొట్టేసింది.

సెక్రటరీ గారు వచ్చి ఒక కన్ను మూసి, ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు. "గీత గీసినట్టుంది" అన్నారు. అది గీతే కదా అని కోడలికి అనిపించింది కానీ, పైకి అనలేదు.

శనివారం మూడు కోర్టులూ నిండిపోయాయి. రెండో కోర్టులో ఆరోజు ఒక్క మ్యాచే పెట్టారు, ఫైనల్ కోసం నేల పాడవకూడదని. ఒక పక్క మందుల షాపావిడ, ఆమె ఆడపడుచు టీచరు. ఇంకోపక్క పళ్ల డాక్టరమ్మ, బ్యాంకు మేడం. కుర్చీ మీద అంపైరుగా డ్రిల్లు మాస్టారు. బడిలో రిటైరై పదేళ్లయినా ఆయన మెడలోని ఈల మాత్రం రిటైర్ కాలేదు.

వదినామరదళ్ల ఆట చూడ్డానికే సగం మంది వచ్చారు. వాళ్లు బంతిని కొట్టినంతసేపూ ఒకరినొకరు మాటలతో కొట్టుకుంటారు.

"నాది, నాది వదినా" అంటుంది టీచరు.

"నీదైతే కొట్టు. అంట్లు తోమే దగ్గర మాత్రం నీది, నీది అంటావు" అంటుంది మందుల షాపావిడ.

"వీళ్లు మనతో ఆడుతున్నారా, వాళ్లలో వాళ్లు ఆడుకుంటున్నారా?" అని పళ్ల డాక్టరమ్మ బ్యాంకు మేడాన్ని అడిగింది, మెట్ల మీదివాళ్లకు కూడా వినబడేట్టు.

ఆట అయితే ఆషామాషీగా లేదు. చెరొక సెట్టు గెలిచారు. మూడో సెట్టులో డాక్టరమ్మ జట్టు ఆరు గేములు, వదినామరదళ్లు ఐదు. ఇంకొక్క పాయింటు పోతే వదినామరదళ్లు ఇంటికే. అప్పుడు మందుల షాపావిడ షెడ్డు వైపు బయటి గీత వెంబడి ఒక బంతి కొట్టింది. డాక్టరమ్మ దాన్ని అందుకోలేదు, అందుకోవాలని చూడనూ లేదు. "అవుట్" అన్నారు మాస్టారు.

"గుర్తు చూడండి మాస్టారూ" అంది మందుల షాపావిడ.

మట్టి కోర్టులో ఉన్న సుఖమే అది. బంతి పడ్డచోట గుర్తు ఉండిపోతుంది. మాస్టారు కుర్చీ దిగి, మోకాలి మీద కూర్చుని చూశారు. పట్టీకీ గుర్తుకూ మధ్య తన రెండు వేళ్లు జోడించి పెట్టి, ఆ వేళ్లను అలాగే పైకెత్తి అందరికీ చూపించారు. "రెండు వేళ్లు బయట. తు.చ. తప్పకుండా రెండు."

మ్యాచ్ అయిపోయింది. నలుగురూ చేతులు కలుపుకున్నారు. మందుల షాపావిడ మాత్రం వెనక్కి వచ్చి ఆ గుర్తును మళ్లీ చూసింది.

"మాస్టారూ, ఇరవై ఏళ్లుగా ఆ బంతి అలాగే కొడుతున్నాను. అది ఎక్కడ పడుతుందో నా చేతికి తెలుసు."

"చేతికి తెలిస్తే ఏం లాభమమ్మా, బంతికి తెలియాలి గానీ" అన్నారు మాస్టారు. మెట్ల మీద అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, పూర్తిగా కాదు. కోడలు అదంతా చూస్తూ చీపురు పట్టుకుని నిలబడింది. వాళ్లు వెళ్లిపోయాక ఆ గుర్తును ఊడ్చేసింది. ఊడ్చడమే ఆమె పని.

కొత్త మేకులు చాపకు తగులుతాయని అప్పటిదాకా ఆ పక్క జాగాల్లో చీపురే వాడుతూ వచ్చింది. సాయంత్రం, ఇక మేకులు కూరుకుపోయి ఉంటాయిలే అని చిన్న చాప తీసింది. ఆ చాపను అత్తగారు పక్క జాగాకి సరిగ్గా సరిపోయేట్టు కుట్టింది. అటూ ఇటూ గీతలకు తగలకుండా మధ్యలో ఇమిడిపోతుంది. రోడ్డు వైపు చక్కగా ఇమిడింది. షెడ్డు వైపు లాగుతుంటే దాని అంచు టకటకమని పట్టీ మీదికెక్కింది. చేయి వంకర పోయిందేమోనని మళ్లీ మొదటి నుంచి లాగింది. మళ్లీ ఎక్కింది.

కోడలు చాపను అక్కడే వదిలేసి తాడు తెచ్చింది. రెండు రోజుల ఎండకు అది కరకరలాడుతోంది. ఒక ముడి లోపలి గీత మీద పెట్టి లాగింది. రెండో ముడి బయటి గీతను దాటి వెళ్లింది. ఎంత దాటిందో వేళ్లు పెట్టి చూసింది. మూడు. ఇంకోచోట కొలిచింది. మూడే. అటు చివర కొలిచింది. మూడే. తాడు చుట్టుకుని బయల్దేరింది.

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు మనవరాలికి జడ వేస్తోంది.

"అత్తయ్యా, ఈ తాడును పొయ్యి మీదే ఎందుకు వేలాడదీయాలి?"

"తడిస్తే ముడుచుకుంటుంది కాబట్టి. నూలు కదా. బట్ట ఉతికితే కురచవ్వదూ? కాకపోతే తాడు ఆరాక మళ్లీ సాగుతుంది."

"ఆ ముక్క నాకెప్పుడూ చెప్పలేదేం?"

"వేలాడదీయమని చెప్పానుగా. ఎందుకని నువ్వు అడిగావా? తల ఊపావు. నువ్వు తల ఊపితే ఎదుటివాళ్లకి నీకన్నీ తెలుసనిపిస్తుంది" అని అత్తగారు కోడలి మొహం చూసి జడ వదిలేసింది. "ఏం చేశావే?"

కోడలు చెప్పింది. అత్తగారు విని, కాసేపు మోకాళ్లు రుద్దుకుంది.

"ఆ కోర్టులో ఒక్క మ్యాచే కదా అయింది. పొద్దున్నే ఐదింటికి లే. మేకులు పీకు, మూడు వేళ్లు జరుపు, కొట్టు. ఏడింటికి అంతా వచ్చేసరికి గీత దాని చోట అది ఉంటుంది. ఎవరికి తెలుస్తుంది?"

"ఆ బంతి లోపల పడింది అత్తయ్యా."

"పడితే పడింది. వాళ్లేమైనా దాంతో కడుపు నింపుకుంటారా? మనకు ఈ ఇల్లు పోతే ఈ పిల్లని ఎక్కడ పడుకోబెడతావు?"

కోడలు తల ఊపింది. కానీ చెప్పులేసుకుని క్లబ్బు ఆఫీసు వైపు వెళ్లింది.

సెక్రటరీ గారు మర్నాటి జట్ల పేర్లు అట్టల మీద అంటిస్తున్నారు. జిగురు ఆయన వేళ్లకే ఎక్కువ అంటుకుంది. కోడలు గుమ్మం దగ్గర నీళ్లు నములుతూ నిలబడింది. ఆ రెండేళ్లలో ఆయనతో ఆమె అన్నది కలిపి రాస్తే సగం పేజీ కూడా నిండదు. అలాంటిది ఇప్పుడు తాడు సంగతీ, గీత సంగతీ, చాప ఎక్కిన సంగతీ వరసగా చెప్పింది. ఆయన చేతిలోని అట్ట బల్లకు అతుక్కుపోయింది.

"ఇది ఇంకెవరికైనా చెప్పావా?"

"మా అత్తయ్యకి."

"అయితే సగం ఊరికి చెప్పినట్టే." ఆయన లేచి తలుపు వేసి వచ్చారు. "చూడమ్మా, నువ్వు మంచిదానివి. అందుకే చెబుతున్నాను. సోమవారం కమిటీ. కంపెనీ వాడి కాగితం ఈ డ్రాయరులోనే ఉంది. ఈ వేళలో వెళ్లి నీ నెత్తిన నువ్వే మట్టి పోసుకోకు. పొద్దున్నే సరిచేసెయ్. నేను వినలేదు, నువ్వు చెప్పలేదు."

"ఆ బంతి లోపల పడిందండి. మాస్టారు రెండు వేళ్లన్నారు. గీత మూడు వేళ్లు లోపలికొచ్చింది."

"ఆయన వేళ్లూ నీ వేళ్లూ ఒకటేనా? ఆయనవి అరటిపళ్లు." ఆయన కొంచెం నవ్వారు. "గుర్తు కూడా ఊడ్చేశావు. ఇంకేం మిగిలింది చూపించడానికి?"

"సరేనండి" అంది.

ఆ రాత్రి ఆమె పడుకుంది, లేచింది. ఐదింటికి పటకారు, సుత్తి తీసుకుని రెండో కోర్టులోకి వెళ్లి షెడ్డు వైపు గీత మొదట్లో కూర్చుంది. మొదటి మేకు తలను పటకారుతో పట్టుకుంది. మాస్టారి వేళ్ల గురించే ఆలోచించింది. నిజంగానే లావు వేళ్లు. ఆ రెండు ఈమె వేళ్లకు రెండున్నర అవుతాయేమో, మూడు కూడా అవుతాయేమో. మూడైతే బంతి గీత అంచుకు తగిలీ తగలనట్టు పడి ఉంటుంది. కొలిస్తే గానీ తెలియదు. మేకు పీకితే ఇక కొలవడానికి ఏమీ ఉండదు. నిన్న గుర్తును ఊడ్చింది, తెలియక. ఇవాళ గీతను కూడా ఊడ్చేస్తే అది తెలిసి చేసినట్టు.

పటకారు పక్కన పెట్టింది. నీళ్లు చల్లింది, షెడ్డు వైపు జాగా వదిలేసి. మిగతా రెండు కోర్టులూ తయారుచేసింది. ఆరున్నరకు డ్రిల్లు మాస్టారు వచ్చారు, ఎప్పటిలాగే అందరికంటే ముందు. ఆయన కుర్చీ ఎక్కబోతుంటే కోడలు అడ్డంగా వెళ్లి నిలబడింది.

"మాస్టారూ, మీ వేళ్లు ఒకసారి ఇక్కడ పెట్టాలండి."

"నా వేళ్లా?"

తాడు పరిచి ఉంది. ఒక ముడి లోపలి గీత మీద, రెండో ముడి బయటి పట్టీని దాటి ఖాళీ మట్టి మీద. కోడలు జరిగిందంతా చెప్పింది. మూడోసారి చెప్పడం కాబట్టి ముందటి కంటే తేలికైంది. మాస్టారు ఆఫీసుకు వెళ్లి, బీరువా తీయించి ఇనుప టేపు తెచ్చారు. ఆయన వెనకే సెక్రటరీ గారు కూడా వచ్చారు, తేలు కుట్టిన దొంగలా చప్పుడు లేకుండా. టేపుతో కొలిస్తే తాడు చెప్పిందే నిజమని తేలింది. మాస్టారు అసలు గీత ఉండవలసిన చోట చీపురు పుల్ల గుచ్చారు. మోకాలి మీద కూర్చుని, ఇప్పుడున్న పట్టీకీ ఆ పుల్లకూ మధ్య తన రెండు వేళ్లు జోడించి పెట్టారు. వేళ్లు పట్టాయి. పట్టాక ఇంకా కొంచెం చోటు మిగిలింది, చిటికెన వేలు దూరేంత.

ఆయన లేవలేదు. అలాగే కూర్చుని ఆ మిగిలిన చోటును చూశారు.

"బంతికి తెలుసన్నమాట" అన్నారు చివరికి.

ఏడింటికి నలుగురు ఆడవాళ్లనూ పిలిపించారు. వదినామరదళ్లు ఫైనల్ చూద్దామని మామూలు బట్టల్లో వచ్చారు. సంగతి విని బ్యాంకు మేడం మొహం ముడుచుకుంది.

"గెలిచిన మ్యాచ్ మళ్లీ ఆడమంటే ఎలా? గీత అందరికీ ఒకటేగా. మేమూ ఆ పక్క ఆడాం."

"ఆడాం. కానీ ఆ బంతి మంచిదేగా" అంది పళ్ల డాక్టరమ్మ. "పుచ్చిన పన్ను మీద మూత వేస్తే పైకి బాగానే ఉంటుంది. నొప్పి తర్వాత మనకే. ఆ ఒక్క పాయింటు వాళ్లకిచ్చేసి అక్కణ్ణుంచి ఆడదాం. ఎంతసేపు, పది నిమిషాలు."

కోడలు అందరి ముందూ మేకులు పీకింది. తాడుతో కాదు, టేపుతో కొలిచి గీతను సరైన చోట మళ్లీ కొట్టింది. మాస్టారు ఆ చివర పట్టుకున్నారు, సెక్రటరీ గారు ప్యాంటు మడిచి మధ్యలో పట్టుకున్నారు. టీచరు ఇంటికి పరిగెత్తి ఇద్దరి బూట్లూ తెచ్చింది. తెచ్చిన వాటిలో ఒక జత ఆమె అన్నగారిది. దాంతో మందుల షాపావిడ కాళ్లకు గుడ్డలు కుక్కుకుని ఆడింది.

పది నిమిషాలన్నది ముప్పావుగంట పట్టింది. వదినామరదళ్లు ఆ గేము గెలిచారు, ఆరు ఆరు అయ్యింది, సమమైతే తేల్చుకునే టైబ్రేక్‌లో ఐదు ఏడుతో ఓడిపోయారు. ఆఖరి బంతి మందుల షాపావిడే కొట్టింది. అదే షెడ్డు వైపు గీత వెంబడి, అదే దెబ్బ. అది బయటికి పోయింది, రెండు వేళ్లు కాదు, రెండు అడుగులు.

ఆమె రాకెట్టును చంకలో పెట్టుకుని కోడలి దగ్గరకు వచ్చింది. "ఇవాళ్టిది నా చెయ్యి చేసిన తప్పే. తాడునేమీ అనకు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నిన్న రాత్రి నాకు నిద్ర లేదు తెలుసా? చెయ్యి ముసలిదైపోయిందనుకున్నాను. ఇవాళ ఓడిపోయినా పడుకుంటాను" అంది.

"బూట్లు మా అన్నవని చెప్పు వదినా, బూట్ల మీద కూడా తొయ్యి" అని వెనక నుంచి టీచరు.

పోటీ ఆ సాయంత్రానికి అయిపోయింది. డాక్టరమ్మ జట్టు ఫైనల్లో ఓడిపోయింది. కప్పు ఎవరో బయటి జట్టు పట్టుకుపోయింది. మెట్ల మీద వాళ్లు మాత్రం కప్పు కంటే తాడు గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు.

సోమవారం కమిటీ పొద్దున పదింటికి కూర్చుంది. కోడలు ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. లోపల కుర్చీలు జరిగిన చప్పుడు, మాటలు, మళ్లీ మాటలు. పన్నెండింటికి సెక్రటరీ గారు ఒక కాగితం పట్టుకుని బయటికొచ్చారు.

"మొత్తానికి గండం గడిచినట్టే. కంపెనీని ఇప్పుడు వద్దన్నారు. నీకు మరో ఆర్నెల్లు తాత్కాలికం. ఆ తర్వాత చూద్దామన్నారు. ఇల్లు ఆర్నెల్లు ఉంటుంది."

కోడలు తల ఊపబోయింది. సగం ఊపి ఆగింది.

"ఎందుకండీ?"

ఆయన చెవికి ఆ మాట కొత్త. "ఏమిటి ఎందుకు?"

"ఆర్నెల్లు ఎందుకండీ? పర్మనెంటు ఎందుకు కాదు?"

"తప్పు జరిగింది కదమ్మా. రికార్డులో ఉంది."

"రికార్డులో పెట్టింది నేనేనండి. కంపెనీ వాళ్లు గీత వంకరగా కొడితే మీకెవరు చెబుతారు?" ఆమె మెట్టు మీద నుంచి లేచి నిలబడింది. మాట ఆగలేదు. "తప్పు ఎందుకు జరిగిందో నాకిప్పుడు తెలుసు. ఆర్నెల్ల తర్వాత ఇంతకంటే ఎక్కువ తెలియదండి."

సెక్రటరీ గారు కాగితం వైపు, ఆమె వైపు చూశారు. శనివారం సాయంత్రం తలుపు వేసి తను అన్న మాటలు ఆయనకు గుర్తొచ్చాయో ఏమో, చెవి వెనక గోక్కున్నారు. "కూర్చో" అని కాగితంతోనే లోపలికి వెళ్లిపోయారు.

ఈసారి లోపల మాటలు పెద్దగా వినిపించాయి. బ్యాంకు మేడం గొంతు కూడా వినిపించింది. ఆమె కమిటీలో ఉందని కోడలికి అప్పుడే తెలిసింది. ఇక అయిపోయిందనుకుంది. "నాకు మ్యాచ్ మళ్లీ ఆడాల్సి వచ్చిందన్న కోపం ఉంది. అది వేరే సంగతి. నా కౌంటర్లో లెక్క తప్పితే చెప్పే మనిషి ఒక్కరు దొరికినా నేను వదులుకోను" అంటోంది ఆ గొంతు. ఆ తర్వాత కమిటీలోనే ఉన్న మాస్టారు ఏదో అన్నారు, అందరూ నవ్వారు. కాసేపటికి మాస్టారే బయటికొచ్చారు, చేతిలో పెన్ను పట్టుకుని.

"పర్మనెంటు రిజిస్టర్లో పేరు రాయాలట. కోడలు అని రాస్తే బాగుండదంటున్నారు. నీ పేరేమిటమ్మా?"

ఆమె చెప్పింది. మెల్లగా చెప్పడంతో ఆయనకు వినబడలేదు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నారు. ఆమె మళ్లీ చెప్పింది, ఈసారి లోపలివాళ్లకు కూడా వినబడింది.

ఇంటికెళ్లేసరికి అత్తగారు గుమ్మంలోనే కూర్చుని ఉంది. మోకాళ్ల నొప్పి మరిచిపోయి లేచి నిలబడింది.

"ఏమన్నారు?"

"పర్మనెంటు."

అత్తగారు మళ్లీ కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. నోరు మాత్రం తన దారి తనది. "ఇంకేం, ఇల్లు నీ పేరు మీదికొచ్చింది. ఇక నన్ను గెంటేస్తావేమో."

కోడలు తాడును చుట్టలు చుట్టి, పొయ్యి పైనున్న మేకుకు తగిలించింది. ముడులు కిందికి వచ్చేట్టు సరిచేసింది.

"అదేం లేదత్తయ్యా. మిమ్మల్ని ఆర్నెల్లు తాత్కాలికంగా పెట్టుకుంటాను. ఆ తర్వాత చూద్దాం."

అత్తగారు ఆమెను ఎగాదిగా చూసింది. "దీనికి నాలుక ఎప్పుడొచ్చిందే?" అని మనవరాలిని అడిగింది. పిల్లకు అర్థం కాలేదు. నోరు తెరిచి తన నాలుక చూపించింది.

మూడు కావస్తోంది. కోడలు నీళ్ల గొట్టం తీసుకుని కోర్టులోకి వెళ్లింది. ముందు గొట్టం అతుకు కారే చోట గట్టిగా గుడ్డ చుట్టి కట్టి, ఆ తర్వాత నీళ్లు వదిలింది.